మూడు తాళాల సుత్తి

మా ఊరి అడవి ఆఫీసులో నా బల్ల వెనకాల గోడకి ఒక చెక్క పలక ఉంది. దాని మీద ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీతో రాసిన రెండు వాక్యాలు. "సుత్తి ముద్ర పడని చెట్టు నేల పడకూడదు. కాగితం లేనిదే సుత్తి పెట్టె దాటకూడదు." పంతొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున్నే దాని దుమ్ము తుడిచేది నేనే. ఆ వాక్యాలు మా పెద్దనాన్న ఎలాడియోవి, అంటే మా నాన్న నికనోర్‌కి స్వయానా అన్న. ఆ పలకని చూసి గర్వపడమని ఊరంతా నాకు చెబుతుంది. నాకు మాత్రం కొన్ని రోజులు దాన్ని ఊడబీకి పొయ్యిలో పెట్టాలనిపిస్తుంది. ఎందుకో చెబుతాను, విన్నాక మీరే అనండి.

పెద్దనాన్న పదహారో ఏట పేపరు మిల్లు వాళ్ల దగ్గర చెట్లు కొట్టే పనికి చేరాడు. అప్పటికి మా లాచిగూ అడవి మాది కాదు. ఓహాకా కొండల్లో తరతరాలుగా మేమున్న చోటుని, మెక్సికో నగరంలో ఎవరో కూర్చుని పాతికేళ్లకి మిల్లుకి రాసిచ్చేశారు. మా తాత తన సొంత పెరటికి ఒక గుంజ తెచ్చుకుంటే దొంగ అయ్యాడు. మిల్లు మేస్త్రీది ఒక్కటే మాట: తిన్నగా లావుగా ఉన్నది కొట్టు, వంకరది వదిలెయ్. పెద్దనాన్న చేతికి రంపమిస్తే చెట్టు ఆయన చెప్పిన చోటే పడేది. నేల మీద మేకు నిలబెట్టి, చెట్టుని దాని నెత్తిన పడేసి, మేకుని భూమిలోకి దించేవాడట. ఆ పనితనమే మా కొంప ముంచింది. పదహారేళ్లలో మంచివన్నీ పోయాయి. వంకరవి మిగిలి, వంకర విత్తనం రాల్చి, వంకర పిల్లల్నే మొలిపించాయి. ఇవాళ్టికీ మిల్లు రోడ్డు పక్క వాలు మీద తిన్నగా నిలబడ్డ చెట్టు ఒక్కటి కనపడదు. అటు నడిచినప్పుడల్లా ఆయన తల దించుకునే నడుస్తాడు.

మిల్లు నోట పడకుండా మిగిలింది మేఘాల లోయ ఒక్కటే. అక్కడ వాలు మరీ నిటారు, వాళ్ల ఇనుప తాడు అందలేదు. నలభై పైన్ చెట్లు, ఇద్దరు చేతులు కలిపినా చుట్టలేనంత లావు, కిందనించి పైదాకా తిన్నగా ఉంటాయి. వాటిని తల్లి చెట్లు అంటాం. మా నర్సరీలో మొలిచే ప్రతి మొక్కా వాటి విత్తనమే. అవి పోతే మా పిల్లలకి మిగిలేది వంకర అడవే. ఈ గొడవంతా ఆ నలభై చెట్ల గురించే.

ఆయనకి ముప్పై రెండేళ్లప్పుడు కొండ మీది ఊళ్లన్నీ కలిసి మిల్లు లారీలకి అడ్డం కూర్చున్నాయి. మా నానమ్మ రోడ్డు మధ్యలో పొయ్యి పెట్టి, మొక్కజొన్న రొట్టెలు కాలుస్తూ తొమ్మిది రోజులు కదల్లేదు. హారన్ కొట్టిన డ్రైవరుకి కూడా రెండు రొట్టెలిచ్చి, తిని బండి వెనక్కి తిప్పుకోమందట. చివరికి మిల్లు పోయింది, అడవి ఊరిదైంది. పండగ ఉపన్యాసాల్లో అందరూ కథని ఇక్కడే ఆపేస్తారు. తర్వాత మూడు నెలలు జరిగింది ఎవరూ నోరెత్తి చెప్పరు. మనదే కదా అని ఇంటికొకడు గొడ్డలి పట్టుకుని కొండెక్కాడు. మిల్లు ఏడాదిలో కొట్టేది మూడు నెలల్లో మనవాళ్లే కొట్టారు. మేఘాల లోయ అంచుదాకా వెళ్లిపోయారు.

అప్పుడు పెద్దనాన్న ఊరి సభలో లేచి, మధ్యాహ్నం మొదలుపెట్టి పొద్దు వాలేదాకా మాట్లాడాడు. విరిగిన లారీ స్ప్రింగు కమ్మితో కమ్మరి చేత ఒక సుత్తి చేయించారు. దాని మొహం మీద ఊరి అక్షరం. కొట్టాల్సిన చెట్టుని సభ ఎంచితే, దాని మొదలు దగ్గర ఆ సుత్తితో ముద్ర వేయాలి, చెట్టు పోయినా మోడు మీద సాక్ష్యం ఉండేలా. సుత్తిని పెట్టెలో పెట్టి మూడు తాళాలు వేశారు. తాళంచెవులు ముగ్గురి దగ్గర: అడవి పెద్ద, కాపలా పెద్ద, ఊరి ముసలివాళ్లలో ఏటా మారే ఒకరు. ముగ్గురు దొంగలు ఒకే రోజు ఒకే మాట మీద ఉండటం మన ఊళ్లో ఎన్నటికీ జరగదు కాబట్టి అడవికి ఢోకా లేదని ఆయనంటే, సభ కడుపుబ్బ నవ్వి చేతులెత్తి ఒప్పుకుంది. ఆ సుత్తి పుణ్యమా అని అడవి మళ్లీ లేచింది, అది కాదనను.

రెండో ఏడు ఉత్తరపు గాలికి మా ఇంటి కప్పు లేచిపోయింది. వానలకి ఇంకా రెండు వారాలే. కావలసింది ఒక్క దూలం. నాన్న పద్ధతిగానే వెళ్లి అడిగాడు. రెండు తాళంచెవులు ఊళ్లోనే ఉన్నాయి. మూడోది పెట్టుకున్న ముసలాయన కూతురి కాన్పుకని పట్నం వెళ్లాడు, చెవి జేబులో వేసుకుని. నాన్న వారం ఎదురు చూశాడు. ఎనిమిదో రోజు, గాలికి సగం ఒరిగిపోయిన ఒక చెట్టుని కొట్టి దూలం చెక్కుకున్నాడు. ఊళ్లో అందరూ వంతులవారీగా చేసే కొలువుల్లో, ఆ ఏడు కాపలా పెద్ద పని ఎవరికి పడిందనుకున్నారు? పెద్దనాన్నకే.

చూడనట్టు ఊరుకోవచ్చు కదా. ఏ అన్నయినా అదే చేస్తాడు. ఈయన తనే సభకెళ్లి చెప్పాడు. రెండు రోజులు లాకప్పు, ఆ దూలాన్ని సొంత వీపు మీద బడిదాకా మొయ్యాలి, అదీ శిక్ష. నాకప్పుడు ఏడేళ్లు. అమ్మ గుడ్డలో రొట్టెలు, నల్ల చిక్కుడు కూర కట్టి నా చేత పంపింది. కటకటాల సందులోంచి అందిస్తే నాన్న తీసుకుని పక్కన పెట్టాడు. రెండు రోజులూ ముట్టలేదు. ఆ వానాకాలమంతా మేము ప్లాస్టిక్ పట్టా కింద తడుస్తూ బతికాం. మా దూలం బడిలో బెంచీ అయింది. టీచరమ్మకి తెలియక నన్ను దాని మీదే కూర్చోబెట్టింది.

అప్పట్నుంచీ అన్నదమ్ములకి మాటల్లేవు. ముప్పై తొమ్మిదేళ్లు. రెండిళ్ల మధ్య ఉన్నది కంచె ఒక్కటే. ఊరి మాతియాస్ స్వామి పండక్కి మెస్కాల్ సారా గ్లాసు చేతులు మారేటప్పుడు వాళ్లిద్దరి మధ్య ఎవరో ఒకరు నిలబడి అందుకుని అందించాలి. నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ ఆ ఉద్యోగం నాది, దానికి సెలవు కూడా లేదు.

రెండేళ్ల కిందట మార్చి నెలలో ఒక సోమవారం పెద్దనాన్న ఆఫీసుకొచ్చి, టోపీ తీసి నా బల్ల మీద బోర్లించాడు. అందులో బెరడు ముక్క. పైన పేలాల్లాంటి జిగురు ఉండలు, లోపల బియ్యపు గింజంత తెల్ల పురుగులు. ఆయనకప్పుడు డెబ్భై మూడు. ఊరి కొలువులన్నీ ఎప్పుడో చేసేశాడు, ఏ పదవీ లేదు. అయినా ప్రతి సోమవారం మేఘాల లోయకి వెళ్లి ఆ నలభైనీ పలకరించి వస్తాడు.

"ఆరు చెట్లకి పట్టింది," అన్నాడు. "ఇప్పుడే కొట్టి, బెరడు ఒలిచి పాతిపెడితే ఆరింటితో పోద్ది. రెక్కలొచ్చి లేచాయంటే మొత్తం పోతాయి."

"ఎన్నాళ్లు టైముంది పెద్దనాన్నా?"

"ఐదు వారాలు. మహా అయితే ఆరు. తొందరగా రాయమ్మా హసింతా, నీ చేతిరాత బావుంటదిగా."

ఆ రోజే అర్జీ రాశాను, అనుమతి కాగితం కోసం మర్నాడే పట్నం బస్సెక్కాను. ఐదు గంటల ప్రయాణం. అక్కడ ప్రభుత్వ ఆఫీసులో కాళ్లరిగేలా తిరిగాను. మొదటి వారం, ఇంజనీరు రిపోర్టు లేదన్నారు. ఇంజనీరు రెండో వారం కొండెక్కి, ఆయాసపడి, చెట్లని కింద నించే చూసి రాసిచ్చాడు. మూడో వారం, మ్యాపు పాత ఫారం మీద ఉందన్నారు. పురుగు పట్టిందనడానికి రుజువేమిటని కిటికీ వెనక పిల్ల అడిగితే, సంచిలోంచి బెరడు తీసి ఆమె రిజిస్టరు మీదే పెట్టాను. ఒక పురుగు బయటికొచ్చి ఆమె స్టాంపు దాకా నడిచింది. ఇది వద్దు, కలర్ ఫోటో తీసుకురండి అంది. నాలుగో వారం ఈస్టరు ముందు పవిత్ర వారం సెలవులు, సంతకం పెట్టే ఆయన సముద్రానికి వెళ్లాడు. ఐదో వారం ఆయన వచ్చాడు, ఫైలు కనపడలేదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఊళ్లో రోజూ పొద్దున్నే పెద్దనాన్న గుమ్మంలో నిలబడి, వచ్చిందా అనేవాడు. రాలేదు అనేదాన్ని. టోపీ తిప్పి పెట్టుకుని వెళ్లిపోయేవాడు. ఆరో వారానికి ఆరు చెట్లు పదకొండయ్యాయి. ఆ రోజు ఆయన నన్ను ఏమీ అడగలేదు, పలక వైపు చూసి కూర్చున్నాడు.

ఆ ఏడు అడవి పెద్ద రుఫీనో కాస్త గుండె ఉన్న మనిషి. పట్నం సంగతి తర్వాత చూసుకుందాం, ముందు పెట్టె తెరుద్దాం అన్నాడు. ముద్ర పడితే అది ఊరు చేసిన పని అవుతుంది, ఒక్క మనిషి తప్పు కాదు, అందరూ కలిసి వెళ్లి ఒక్క రోజులో బెరడంతా ఒలిచి పాతేయొచ్చు. కాపలా పెద్ద కూడా సరేనన్నాడు. రెండు తాళంచెవులు నా బల్ల మీదికొచ్చాయి. మూడోది ఆ ఏడు మా నాన్న దగ్గర ఉంది. ఖర్మ అంటే ఇదే.

వెళ్లేసరికి నాన్న వసారాలో మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నాడు. తాళంచెవి ఇవ్వమన్నాను.

"కాగితం వచ్చిందా?"

"రాలేదని నీకు తెలుసు కదా నాన్నా."

"తెలిసే అడుగుతున్నా. నీ వీపు వెనకాలే ఉంది కదే పలక, రోజూ తుడుస్తావు. ఓసారి చదువు కూడా."

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు అరిచాను. ఆ చెట్లు పోతే నీ మనవలు వంకర దూలాలే చెక్కుకోవాలి, నీ పంతం వాళ్లకి అన్నం పెట్టదు అన్నాను. ఆయన వేళ్లు కంకి మీద ఆగాయి. గొంతు పెంచలేదు.

"ఇవాళ నేను చెవి ఇచ్చాననుకో. అవసరమైతే కాగితం లేకుండా కూడా చెట్టు కొట్టొచ్చని ఒప్పుకున్నట్టే. మరి నన్నెందుకు లోపల కూర్చోబెట్టారు ఆ రెండు రోజులు? అదొక్కటి ఆయన్ని చెప్పమను. చెప్తే ఇస్తా."

ఆ మాట మోసుకుని కంచె దాటి పెద్దనాన్నకి చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత టోపీ పెట్టుకుని, ముప్పై తొమ్మిదేళ్లలో మొదటిసారి, మా వాకిట్లోకి వచ్చాడు. నేను వెనకాలే ఉన్నాను. నాన్న లేవలేదు, కూర్చోమనలేదు.

"చెవి ఇయ్యి నికనోర్."

"కాగితం ఏదీ, అన్నా?"

అన్నా అని పిలిచాడు. తప్పయిందిరా అని ఒక్క మాట అంటే చాలు, చెవి నాన్న చొక్కా జేబులోనే ఉంది, నాకు కనపడుతోంది. పెద్దనాన్న మా ఇంటి కప్పు వైపు చూశాడు, దూలాల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టినట్టు చూశాడు. "నువ్వనేది సబబే," అన్నాడు చివరికి. "కాగితం లేదు." వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఒకాయనకి ఆ మాట నోట్లోంచి ఊడిపడదు, ఇంకొకాయనకి అది వినపడందే చెయ్యి జేబులోకి పోదు. ఇద్దర్నీ కన్న మా నానమ్మ లారీల్ని ఆపగలిగింది గానీ, వీళ్లనైతే ఆవిడ కూడా ఏం చెయ్యలేకపోయేది.

మర్నాడు పొద్దున్న మేఘాల లోయలోంచి మోటారు రంపం చప్పుడు వచ్చింది. ఊరు మొత్తానికి వినపడింది. కాపలా పెద్ద నన్ను దాటి వెళ్తూ, పై ఊరికి ఏదో లారీ వెళ్తున్నట్టుందే అన్నాడు. అవును లారీయే అన్నాను. మా నాన్న వసారాలో కూర్చుని, చప్పుడు ఆగితే కంకి ఒలిచాడు, చప్పుడు మొదలైతే ఆగాడు. ఆరు రోజులు ఆ లారీ వెళ్తూనే ఉంది. సాయానికి ఒక్కడు పైకి వెళ్లలేదు. ముద్ర లేని చెట్టు మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేదు. నేనూ వెళ్లలేదు. ఆఫీసు గుమాస్తాని కదా, నా బల్ల నాకుంది.

ఆరో రోజు సాయంత్రం ఆయన కొండ దిగి, ఒళ్లంతా జిగురుతో, తిన్నగా లాకప్పు దగ్గరికెళ్లి తలుపు తీయమన్నాడు. కాపలా వంతు పడ్డ మనిషి తత్తరపడ్డాడు, ఎవరి ఆర్డరని అడిగాడు. పదకొండు చెట్లు, ముద్ర లేదు, రెండు రోజులు, తియ్యి అన్నాడు పెద్దనాన్న. రుఫీనో పరిగెత్తుకొచ్చి బతిమాలాడు, ఈ వయసులో ఇదేంటని. నా తమ్ముడికి ఏం వేశారో నాకూ అదే అని లోపలికెళ్లి కూర్చున్నాడు.

నేను వెళ్లేసరికి గోడకి ఆనుకుని నడుం పట్టుకుని ఉన్నాడు. "ఆరింటి బెరడు ఒలిచి పాతానమ్మా," అన్నాడు. "ఐదింటిది నా వల్ల కాలా. ఒక్క మనిషి తోడొచ్చుంటే అయిపోయేది." నా వైపు చూసి అనలేదు. అయినా నాకు తగిలింది.

మళ్లీ అదే లాకప్పుకి గుడ్డలో రొట్టెలు కట్టుకెళ్లాను. ఈయన మొత్తం తినేసి, కారం లేదా అని అడిగాడు. ఇంటికొస్తే నాన్న కంకుల మీంచి తల ఎత్తకుండా అడిగాడు, తిన్నాడా అని. తిన్నాడు, కారం కూడా అడిగాడన్నాను. సిగ్గులేని మనిషి అన్నాడు నాన్న. మర్నాడు నేను బయల్దేరేటప్పటికి, రొట్టెల మూట పక్కన మా ఇంటి పొగ మిరపకాయల పచ్చడి సీసా ఉంది. ఎవరు పెట్టారని నేను అడగలేదు.

పెద్దనాన్న బయటికొచ్చిన రోజే పట్నం నించి కాగితం వచ్చింది. రంగుల ముద్రలు, మూడు సంతకాలు, బ్రహ్మాండంగా ఉంది. ఆరు చెట్లు కొట్టుకోవచ్చని అనుమతి. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని తాళంచెవితో వచ్చాడు. మూడు తాళాలూ తీసి, సుత్తి తీసుకుని అందరం లోయకి వెళ్లాం. పదకొండు మోడుల్లో ఆరింటి మీద ముద్ర వేశాం. మిగతా ఐదు ఎందుకు కూలాయో చెప్పే కాగితం ఇప్పటికీ లేదు. నాన్న ఆ లోయకి వచ్చి ముప్పై తొమ్మిదేళ్లయింది. ఒలవకుండా మిగిలిన ఒక మాను దగ్గర పెద్దనాన్న కత్తితో బెరడు లేపి పట్టుకున్నాడు. దాని నిండా సన్నటి చిల్లులు, లోపల ఖాళీ. ఎగిరిపోయాయి. నాన్న ఆ చిల్లుల మీద వేలు పెట్టి చూశాడు. ఆ ఎగిరిపోయినవి వేసవి దాటేలోగా ఇంకో తొమ్మిది చెట్లని తిన్నాయి. ఇవాళ ఇరవై మిగిలాయి.

ఆ ఆదివారం సభలో పెద్దనాన్న లేచాడు. పలక మీద ఇంకో వాక్యం కలపాలన్నాడు. ముందే కాగితం మీద రాసుకొచ్చి చదివాడు: "ఇంటి కప్పు పోయినవాడికీ, పురుగు పట్టిన చెట్టుకీ కాగితం అక్కర్లేదు. ముందు కొట్టి, తర్వాత సభకి చూపిస్తే చాలు."

పురుగు సంగతి సరే, ఇంటి కప్పు ఎందుకొచ్చిందని వెనకనించి ఎవరో అడిగారు.

"అది ముప్పై తొమ్మిదేళ్ల కిందటే రాయాల్సింది," అన్నాడు పెద్దనాన్న. "అప్పుడు రాయలేదు. తప్పు నాది."

నాన్న వైపు చూడలేదు. సభ మొత్తాన్నీ చూసి చెప్పాడు. ఆయనకి తెలిసిన పద్ధతి అదొక్కటే కాబోలు.

తర్వాత రెండు గంటలు వాదించుకున్నారు. ఆరు రోజులు రంపం చప్పుడు విని లారీ అనుకున్నవాళ్లంతా ఇప్పుడు నోళ్లు తెరిచారు. కళ్లు మూసుకోవడం వేరట, పలక మీద రాయడం వేరట. ఇది రాస్తే రేపట్నించి ఊళ్లో ప్రతి కప్పూ గాలికి లేస్తుంది, ప్రతి చెట్టుకీ పురుగు పడుతుందని ఒకాయన అంటే అందరూ నవ్వారు. ఆయన నేర్పిన ముగ్గురు దొంగల మాటని ఆయన మొహానే కొట్టారు. వాళ్లనేది అబద్ధమని కూడా అనలేను, అదే నాకు ఇంకా మంట.

ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు రుఫీనో. పెద్దనాన్న చెయ్యి లేచింది, నడుం నొప్పితో సగమే లేచింది. చివరి వరసలో గోడ పక్కన ఇంకో చెయ్యి లేచింది. అందరూ వెనక్కి తిరిగారు. నాన్న ఎవర్నీ చూడలేదు, లెక్కపెట్టడం అయిపోయేదాకా చెయ్యి దించలేదు.

కాదన్నవి రెండువందల పద్నాలుగు. అవునన్నవి రెండు. రాసుకున్నావా అని రుఫీనో నన్నడిగాడు. సభ పుస్తకంలో లెక్క మాత్రమే రాయాలి, ఎవరు ఎటో పేర్లు రాయకూడదు. ఊళ్లో పగలు పెరగకూడదని అది కూడా పెద్దనాన్న పెట్టిన నిబంధనే. అప్పటిదాకా పదిహేడేళ్లలో నేను దాన్ని ఒక్కసారీ దాటలేదు. ఆ రోజు రెండు అనే అంకె పక్కన ఎలాడియో, నికనోర్ అని రాశాను.